ఎదురింటికి మూడు కిలోమీటర్లు

ఆ రోడ్డును ఎంత వెడల్పు చేశారంటే, ఇటు పక్క వాన పడుతుంటే అటు పక్క బట్టలు ఆరేసుకునేవారు. పావురాలు కూడా మధ్యలో డివైడర్ మీద దిగి, ఓ కునుకు తీసి, మళ్ళీ ఎగిరేవి. ఇటు పక్క సైకిల్ షాపాయన, సరిగ్గా ఎదురుగా అటు పక్క కుట్టుమిషను పెట్టుకున్న ఆయన అక్క. రోజంతా ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు. కలవాలంటే మాత్రం ఆటో ఎక్కి మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. డివైడర్‌ని ఛాతీ ఎత్తు గోడలా కట్టేశారు మరి.

షాపుకి గిరాకీ అంతా అటు పక్క నుంచే. పంక్చరైన సైకిల్‌ని అంత దూరం ఎవరు నడిపించుకొస్తారు? ఒక్కొక్కరే సైకిళ్ళు మూలన పడేసి మోటారుబళ్ళు కొనుక్కున్నారు. గోడలో దారి తెరవకపోతే ఈ నెలాఖరుకి షట్టర్ దించేయాల్సిందే. అర్జీల మీద అర్జీలు పెట్టగా రోడ్ల ఆఫీసు నుంచి ఒక జవాబొచ్చింది: మంగళవారం ఓ మనిషి వచ్చి లెక్కపెడతాడు, యాభై మంది రోడ్డు దాటితే దారి తెరుస్తాం.

మంగళవారం షాపాయనకి కాలు నిలవలేదు. ఒకే చక్రానికి నాలుగుసార్లు గాలి కొట్టాడు. లెక్కలాయన కుర్చీ వేసుకుని కూర్చుని గంటయింది. కాగితం తెల్లగానే ఉంది.

"ఎంతమంది సార్?"

"సున్నా."

"గోడుంటే ఎలా దాటతారు సార్?"

"దాటేవాళ్ళే లేకపోతే దారెందుకయ్యా?"

అక్క ఫోన్ చేసింది. "ఏమంటున్నాడ్రా?"

"సున్నా అంటున్నాడే."

"పోనీ, నేను దూకనా?"

"వద్దే తల్లీ! నిరుడు ఒక్క మెట్టు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నావ్."

"అయితే నువ్వలా అటూ ఇటూ తిరక్కు. ఇక్కణ్ణించి చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

తొమ్మిదయింది. లెక్కలాయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఇక అవతల కూర్చుని లెక్కపెట్టాలి" అంటూ చెయ్యెత్తి ఆటో ఆపాడు.

షాపాయన పంపు పారేసి ఆటోకి అడ్డం వెళ్ళాడు.

"ఎక్కడికి సార్?"

"చెప్పాగా, అవతలికి."

"మరి మీరు రోడ్డు దాటుతున్నట్టా, కాదా?"

ఆటో డ్రైవర్ పకపకా నవ్వాడు. "పొద్దున్నుంచీ నావన్నీ ఇవే బేరాలండీ! ఎదురుగా కనిపించేచోట ఏడుగుర్ని దించి వచ్చాను. స్టాండులో ఇంకో ఎనిమిది ఆటోలున్నాయి, అడగండి."

కాగితంలో రెండే గళ్ళున్నాయి: నడిచి, సైకిల్ మీద. లెక్కలాయన కాసేపు తల గోక్కుని, పక్కన ఇంకో గడి గీసి, "చుట్టు తిరిగి" అని రాశాడు. అందులో మొదటి గీత తనకే వేసుకుని, కుర్చీ తీసుకుని ఆటో స్టాండుకి నడిచాడు.

పదింటికి అక్క మళ్ళీ ఫోన్ చేసింది. "ఎంతైందిరా?"

"అరవై రెండు! ఇంకా రాస్తూనే ఉన్నాడే!"

"ఇకనైనా కూర్చోరా."

"ఎలా కూర్చోనే? ఆ కాగితం ఆఫీసుకి చేరాలి, వాళ్ళు చూడాలి, సంతకం పెట్టాలి..." అంటూ ఆ చక్రానికే ఐదోసారి గాలి కొట్టాడు. అది ఢామ్మని పేలింది.

అవతల అక్క ఆ చప్పుడు విని, అప్పుడే గోడ కూల్చేశారనుకుని చప్పట్లు కొట్టింది.