పదకొండో నంబరు బనీను

"ఏయ్ నలభై రెండూ, మిషను ఆపు!"

సూపర్వైజరు కేక మూడు వరుసలు దాటి వచ్చింది. ఆమె ఆపలేదు. కాలరు మధ్యలో ఆపితే కుట్టు జారుతుంది, జారితే ఆ పీసు కూలి పోతుంది. చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"చెవుడా నీకు? లే. బయట కారుంది."

ఆ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్లకు మిషను నంబరే పేరు. ఆరేళ్లుగా ఆమె నలభై రెండు. ఆ ఆరేళ్లలో ఆమె కోసం కారు రావడం ఇదే మొదలు.

"నా పిల్లకేమైనా అయిందా సార్?"

"దానికేం, దుక్కలా ఉంది. తంటా అంతా దానివల్లే. నడు."

గేటు దగ్గర కాపలామనిషి అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టింది. చొక్కాలో ఎక్కడైనా సూది ఉండిపోయిందంటే సరుకంతా వెనక్కి వస్తుంది. అందుకే సూది సూదికీ లెక్క; బయటికి వెళ్లే ప్రతి మనిషి ఏప్రనూ విప్పించి, దులిపి చూస్తారు. మిషను అందని మూలల్లో చేత్తో కుట్టడానికి ఆమె ఏప్రను పట్టీకి దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చే ఉంటుంది. ఆ కంగారులో దాని సంగతి ఆమెకే గుర్తులేదు.

"టైము లేదు, వదులు!" అని సూపర్వైజరు కసిరాడు. ఏప్రనుతోనే ఆమె కారెక్కింది.

కారు మలుపు తిరిగాక అతను సంగతి చెప్పాడు. జాతీయ జట్టు సెలక్టర్లు స్టేడియానికి వచ్చారు. పదహారేళ్లలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కోసం ఊరూరా వెతుకుతున్నారు. సిఫార్సులు పనిచెయ్యకూడదని వాళ్లు పేర్లు అడగరు, పిల్లల దగ్గరికి రారు. పై మెట్ల మీద కూర్చుని, జెర్సీ పైన తొడిగిన చేతుల్లేని బనీను మీద నంబరు మాత్రమే చూస్తారు. సాయంత్రం కిందికి దిగి నచ్చిన నంబరును పిలిచి, అప్పుడు పేరు రాసుకుని శిక్షణ శిబిరానికి తీసుకుపోతారు.

"పొద్దుటి ఆటలో మీ అమ్మాయి రెండు గోల్స్ కొట్టింది. నంబరు పదకొండు. పైనున్న పెద్దావిడ బైనాక్యులర్స్ దాని మీంచి తియ్యలేదు. మన ఓనరు గారమ్మాయిది ఇరవై నాలుగు. బంతి ఆమె కాలికి తగిలితే ఒట్టు."

"అయితే?"

"అయితే ఏముంది? ఈ భోజనం గంటలో ఇద్దరూ బనీన్లు మార్చుకుంటారు. ఒకే ఎత్తు, ఒకే పిలక, వాళ్లు చూసేది కాళ్లనీ నంబరునీ, పైనుంచి మొహం ఎవరికి తెలుస్తుంది? మధ్యాహ్నం ఆటలో మీ అమ్మాయి ఇరవై నాలుగు తొడుక్కుని కాసేపు పరిగెత్తి, కాలు పట్టేసిందని కూర్చుంటుంది. పదకొండో నంబరు మైదానంలో కనిపిస్తే చాలు, చూడాల్సింది పొద్దున్నే చూసేశారు. కోచ్ కూడా సరేనన్నాడు. సరే అననిది మీ మొండిఘటం ఒక్కత్తే."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "మరి నా పిల్ల?"

"ముందు నీ సంగతి అడుగు. మూడు నెలలకోసారి గేటు పాసు ఉంటుందా ఊడుతుందా అని నా చుట్టూ తిరుగుతావుగా? రేపట్నుంచి పర్మనెంటు. ఓనరు గారి మాట. కాదన్నావా, సోమవారం ఆ పాసుకి గేటు తెరుచుకోదు."

నడుం విరిగి మంచంలో ఉన్న భర్త గుర్తొచ్చాడు. పర్మనెంటు వాళ్లకు జ్వరమొస్తే కూలి కొయ్యరు. కుటుంబానికి మందులు కూడా ఇస్తారు.

మెట్ల కింద సిమెంటు గదిలో తడిసిన మేజోళ్ల కంపు. బంతితో గిర్రున తిరుగుతుందని వీధి వీధంతా బొంగరం అని పిలిచే ఆమె కూతురు బెంచీ మీద రెండు చేతులూ గుండెలకు అడ్డంగా కట్టుకుని కూర్చుంది. చేతుల సందులోంచి పదకొండు కనిపిస్తోంది. ఓ మూల ఓనరు కూతురు ఇరవై నాలుగో నంబరు బనీను విప్పి ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది.

"వచ్చావా? నువ్వూ వీళ్ల పార్టీయేనా?" అంది బొంగరం.

తల్లి పక్కన కూర్చుంది. "ఇచ్చెయ్యవే. ఇంకోసారి రారా ఏంటి వాళ్లు?"

"వస్తారు. అప్పటికి నాకు పదిహేడు. పదహారేళ్లలోపు జట్టులో ముసలమ్మల్ని ఆడిస్తారా?"

"ఇంటి సంగతి తెలిసీ..."

"తెలిసే కొట్టానమ్మా ఆ రెండూ! శిబిరంలో తిండీ బడీ వాళ్లే చూస్తారంట. నీకో కంచం తగ్గుతుందని."

తలుపు దగ్గర నిలబడ్డ కోచ్ గొంతు సవరించుకున్నాడు. "నాకు మాత్రం ఇష్టమా అమ్మా? బంతులు ఆయనవి, బూట్లు ఆయనవి. రేపాయన గ్రౌండుకి తాళమేస్తే ఈ పిల్లలంతా ఎక్కడ ఆడాలి?"

"నేనడగలేదు ఆంటీ," అంది ఓనరు కూతురు తలెత్తకుండా. "నాన్నకి చెప్పాను. వినట్లేదు."

"నువ్వూరుకో పాపా." సూపర్వైజరు నవ్వాడు. "గుడ్డముక్క కోసం ఇంత రాద్ధాంతమా? మీ అమ్మని చూసి నేర్చుకోవే. పోయినేడు నలభై రెండో మిషనుకి బెస్ట్ వర్కర్ బహుమతి వస్తే, ఆ మిషను మీద మా మరదల్ని కూర్చోబెట్టి ఫొటో తీయించాం. మీ అమ్మ కిక్కురుమందా? ఏం అరిగిపోయింది?"

బొంగరం తల్లివైపు తిరిగింది.

ఆ బహుమతి రోజు ఇంటికొచ్చి తల్లి, అది తనకు రాలేదని చెప్పింది. ఈ పిల్లే ఆమె కాళ్లు నొక్కుతూ, వచ్చేసారి వస్తుందిలే అమ్మా అని ఓదార్చింది.

"వచ్చిందా నీకు?" అంది బొంగరం. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది తల్లి.

"ఇక చాలు. లాగెయ్యండి సార్," అన్నాడు సూపర్వైజరు. కోచ్ వంగి బనీను అంచు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యండి!" తల్లి లేచింది. "ఆడపిల్ల. నేను మారుస్తాను. ఇద్దరూ అటు తిరగండి."

మగవాళ్లిద్దరూ గోడవైపు తిరిగారు. పిల్లకి అడ్డు పట్టడానికి ఏప్రను విప్పుదామని పట్టీ మీద చెయ్యి వేస్తే వేలికి చురుక్కుమంది.

సూది.

ఒక్క క్షణం దానివైపు చూసింది. తర్వాత ఏప్రను సంగతి మర్చిపోయింది. "చేతులెత్తు," అంది గుసగుసగా. బనీనునూ లోపలి జెర్సీనీ కలిపి పట్టి భుజం మీద మొదలుపెట్టింది. పీసుకింత అని కూలి రాని కుట్టు కుట్టడం ఆరేళ్లలో ఇదే. రెండు భుజాలూ అయ్యాయి. చంక కింద సగమైంది.

"ఇంకా అవ్వలేదా?" గోడవైపు నుంచే అరిచాడు సూపర్వైజరు.

తల్లి చెయ్యి ఆగింది. ఓనరు కూతురు అంతా చూస్తూనే ఉంది. ఆ పిల్ల నోరు తెరిచింది.

"ఇంకొంచెం అంకుల్. ఇటు తిరక్కండి."

అంటూనే ఇరవై నాలుగు మళ్లీ తనే తొడుక్కుంది.

బయట విజిల్ మోగింది. ఇటు తిరిగిన సూపర్వైజరుకి ముందు అర్థం కాలేదు. ముందుకొచ్చి బనీను పట్టి గుంజాడు. జెర్సీ కూడా కలిసి వచ్చింది.

"అది రావాలంటే జెర్సీ చించాలి సార్. అంతమంది ముందు చించుతారా?"

"సూది... సూదెక్కడిదే నీకు? కంపెనీ సూది బయటికి తెచ్చావా?"

"గేటు దగ్గర మీరు చూడనిస్తేగా!" ఆమె పళ్లతో దారం కొరికి, సూదిని అతని అరచేతిలో పెట్టింది. "తీసుకెళ్లి లెక్క చెప్పుకోండి."

"సోమవారం..."

"తెలుసు సార్."

బొంగరం అప్పటికే వెలుతురులోకి పరిగెత్తింది. తల్లి గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. పై మెట్ల మీద పెద్దావిడ బైనాక్యులర్స్ ఎత్తింది. ఆమె పక్కనే కూర్చున్న ఓనరు పదకొండును చూసి తన కూతురే అనుకుని చేతులు తట్టాడు, బంతి అందుకుని ఆ పదకొండు గిర్రున తిరిగేదాకా. తర్వాత లేచి నిలబడి కిందికి చూశాడు. లైను దగ్గరికి చేరిన కోచ్ తల దించుకుని, అవతలి జట్టులో ఆడుతున్న తన శిష్యురాలు, డిఫెండరుకి పదకొండును చూపి చేత్తో సైగ చేశాడు.

బలమైన పిల్ల. వెనకనుంచి వచ్చి పదకొండో నంబరు బనీనును గుప్పెట పట్టి లాగింది. ఎడమ భుజం కుట్టు బిగిసింది. ఒక పోగు పైకి లేచింది.

బొంగరం ఆగలేదు. గుమ్మం దగ్గర తల్లి వేళ్లు ఏప్రను పట్టీ మీద సూది కోసం తడుముతున్నాయి.