లాంగ్ బెల్ ఆగిన గురువారం

నేను ఒక రైలు పట్టా ముక్కను. తలలో ఒక రంధ్రం, దానికో గొలుసు, ఆ గొలుసును మోసేది హైస్కూలు వరండా దూలం. కొలిమిలోంచి బయటపడ్డప్పుడు నా పొడవు చూసి నేనే మురిసిపోయాను. ఏళ్ల తరబడి బండ్లన్నీ నా వీపు మీదుగానే పోయాయి. ఒక్కడూ దిగి పలకరించిన పాపాన పోలేదు. అరిగాక కోసి, ఈ ముక్కను బడికి తెచ్చారు. అటెండరు సాయిలు ఇనుప కడ్డీతో కొడతాడు. ఒక్క దెబ్బ కొడితే పీరియడ్ మారుతుంది. ఆపకుండా కొడితే లాంగ్ బెల్, అంటే ఇక ఇంటికి. రైళ్లు మోసినప్పుడు లేని మర్యాద దెబ్బలు తినడం మొదలయ్యాకే దక్కింది.

ఒక గురువారం మధ్యాహ్నం సాయిలు టీకి పోయిన సమయం చూసి ఎనిమిదో తరగతి జమున వచ్చింది. కడ్డీ తీసుకుని నన్ను ఆపకుండా బాదింది. అప్పటికింకా మూడు కాలేదు. పిల్లలు సంచులు తగిలించుకుని గేటు దాటారు. వాళ్ల వెనకే సార్లూ దాటారు. హెడ్మాస్టరు వేణుమాధవ్ గారు ఇల్లు చేరి చెప్పులు విప్పాక, ఇంకా ఇంత ఎండ ఉందేమిటని అనుమానపడ్డారట. అందరి చేతులకూ వాచీలున్నాయి.

మర్నాడు స్టాఫ్ రూములో నన్ను ఎవరు కొట్టారన్నది చాలాసేపు చర్చించారు. కొట్టగానే తామెందుకు పోయారన్నది ఎవరూ ఎత్తలేదు. చివరికి జమున అని తేలింది. ఆ పేరు వాళ్లకు కొత్త కాదు. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి పోయిన జూన్ నుంచి ఆ పిల్ల పక్కవాళ్ల జడలు లాగుతోంది, లెక్కల సారుకు ఎదురు చెబుతోంది, పలకరించినవాళ్లను కసురుతోంది. టీసీ ఇచ్చి పంపేద్దామన్నారు హెడ్మాస్టరు. ఇంకో బడికి తిప్పే ఓపిక ఆ పిల్లను చూసుకునే నానమ్మకు లేదు. టీసీ ఇస్తే ఆ పిల్ల పత్తిచేనుకు కూలికి పోవడమే. సోషల్ చెప్పే విమల టీచర్ ఒక్క రోజు ఆగమని అడిగి, వచ్చి నా కింది బెంచీ మీద జమున పక్కన కూర్చుంది. ఎందుకు కొట్టావని అడిగింది.

"అమ్మకు గురువారం ఒక్కనాడే ఫోనిస్తరు టీచర్. ఆ ఇంటోళ్లు పండుకున్నంక, మనకు మూడింటికి. నేను ఇంటికి పొయ్యేసరికి పెట్టేస్తది."

ఆ రోజే టీచర్ తన నంబరు మస్కట్‌కు పంపించింది. ఆ తర్వాత గురువారాలు ఆమె ఫోను నా కిందే మోగేది.

అంతటితో ఆ పిల్ల బుద్ధిమంతురాలైపోయిందనుకునేరు. మరుసటి సోమవారమే ఒకరి టిఫిన్ డబ్బా గోడకేసి కొట్టింది. ఇక ఫోను బందు చేయమన్నారు హెడ్మాస్టరు.

"తప్పు చేసిందని మధ్యాహ్నం అన్నం మాన్పిస్తామా సార్? ఇదీ అంతే," అంది టీచర్. డబ్బాకు పడ్డ సొట్టను జమున చేతే సరిచేయించింది, గురువారాన్ని మాత్రం ముట్టుకోలేదు.

దసరా సెలవుల తర్వాత ఒక వారం ఫోను రాలేదు. పై వారమూ మూడు దాటింది, నాలుగు దాటింది. ఇద్దరూ బెంచీ మీదే ఉన్నారు. సాయిలు వచ్చి కడ్డీ ఎత్తాడు. లాంగ్ బెల్ పడితే ఆ గోలలో ఏ మాటా వినబడదు, టీచరూ లేచి బస్సుకు పోవాలి. జమున లేచింది. కడ్డీ లాక్కుంటుందనుకున్నాను.

"జర ఆగుతవా తాతా," అంది.

ఆ పిల్ల ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. సాయిలు హెడ్మాస్టరు గది వైపు చూశాడు. ఆయన గడపలోనే నిలబడి ఉన్నారు. వచ్చి కడ్డీ తీసుకుని, చంకలో పెట్టుకుని, స్తంభానికి ఆనుకున్నారు.

బడి కదల్లేదు. లెక్కల సారు ఇంకో లెక్క ఇచ్చారు. గేటు బయట ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు. నేను మోగలేదు కాబట్టి ఎవరికీ సాయంత్రం కాలేదు.

ఎండ వరండా దిగాక ఫోను మోగింది. జమున "అమ్మా" అంది. ఆ తర్వాత వింటూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. నాకు కడుపు నిండినట్టయింది. హెడ్మాస్టరు అంతసేపూ ఖాళీ గ్రౌండును పరీక్షగా చూశారు. మాటలయ్యాక నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఆగారు. ఇంకో పీరియడ్ అనుకుని పిల్లలు పుస్తకాలు మార్చారు.

"అట్ల కాదు సార్," అంది జమున కళ్లు తుడుచుకుంటూ. "ఆపకుండ కొట్టాలె."

ఇప్పుడు కరెంటు బెల్లు వచ్చింది. నన్ను స్టోరు గదిలో విరిగిన బెంచీల మీద పడేశారు. కొత్తది సెకను కూడా తప్పదని అందరూ మెచ్చుకుంటున్నారు. నిజమే, దానికి ఆగడం రాదు.