వెనకగది వాలు

మార్ఫా పొద్దున్నే లేచి పొయ్యిలో కట్టెలు ఎగదోసి, టీకి నీళ్ళు పెట్టి, అవి మరిగేలోపు వెనకగది తలుపు తీసి చూసేది. చలికాలం మొదలయ్యిందంటే ఆ గదిలో మంచు పడేది. పైకప్పుకి చిల్లు లేదు, కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. అయినా పడేది. ఆమె భర్త లారియన్ ఐరన్ క్యాప్ కొండమీద, ఉత్తరపు వాలులో, మంచుచరియ కింద పడి చనిపోయిన ఏడాది నుంచీ అంతే. కొండమీద ఆ వాలు ఎలా ఉంటే ఇక్కడ గది అలా ఉండేది. గుమ్మం దగ్గర పల్చగా మొదలై, ఎదుటి గోడ దగ్గరికి వెళ్ళేసరికి నిలువెత్తు లేచేది. అక్కడ గాలి తిరిగితే ఇక్కడ గోడవారన మంచు మెడ చాచినట్టు ముందుకు వంగేది.

ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. రొట్టెల కొట్టావిడ చిల్లర చేతిలో పెడుతూ "రాత్రి బాగా పడిందా?" అని అడిగేది. ఐరన్ క్యాప్‌లో స్కీ వాలుల్ని కాపలా కాసే పాట్రోల్‌కి పెద్ద హ్యాడ్లీ, లారియన్‌తో కలిసి పనిచేసినవాడు, మంచు ఎంత లోతుందో అడగడానికి రోజూ ఫోన్ చేసేవాడు. మార్ఫా గుమ్మంలోనే నిలబడి గరిటె కాడ మంచులో గుచ్చి చూసి చెప్పేది. గదిలో మాత్రం ఏనాడూ అడుగు పెట్టలేదు. అది లారియన్ చోటు.

వాళ్ళ కూతురు ఫెన్యా వేసవంతా కొట్టేసిన అడవుల్లో మొక్కలు నాటే పని చేసేది. ఆ ఏడు ఆకురాలే కాలంలో ఇంటికొచ్చేసరికి చలికాలానికి రెండు చోట్ల నుంచి పిలుపులు ఉన్నాయి. ఒకటి మేకల గుట్ట. ఊరి చివర్లోనే, ఊరివాళ్ళంతా కలిసి నడుపుకునే చిన్న స్కీ కొండ. అక్కడ లిఫ్ట్ చూసుకునేది మార్ఫా అన్న కుజ్మా. రెండోది ఐరన్ క్యాప్. పెద్ద రిసార్టు, దూరాల నుంచి జనం, పనివాళ్ళకి అక్కడే గదులు. ఫెన్యాకి పాట్రోల్‌లో చోటు ఇస్తామన్నారు. వాళ్ళు వేసుకునే ఎర్ర కోటు కూడా.

గదిలో మొదటి మంచు పడ్డాక ఒక ఆదివారం కుజ్మా భోజనానికి వచ్చాడు. మార్ఫా క్యాబేజీ బోర్ష్ట్ చారు మీద మీగడ వేసి అందించింది. కుజ్మా తన గుట్ట గురించి చెప్పుకుపోయాడు. పిల్లలకి స్కీ నేర్పడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడిగా తినడం, సాయంత్రానికి మన పొయ్యి దగ్గర మనం. ఫెన్యా నవ్వి, మీ గుట్టమీద రెండు మలుపులు తిరిగేసరికి కిందకొచ్చి పడతాం, ఫిబ్రవరిలో వాన పడితే అదీ ఉండదు అంది.

"నీ కొండకేం, బోలెడు పొడవు. మీ నాన్న ఇంకా దిగుతూనే ఉన్నాడు," అన్నాడు కుజ్మా.

అన్నాక తనే నాలుక కరుచుకున్నాడు. మార్ఫా లేచి వెనకగది గుమ్మం దాకా వెళ్ళి, గుప్పెడు మంచు తెచ్చి బల్లమీద, రొట్టె పక్కన పోసింది. పైపైన తీసింది కాదు, అడుగు నుంచి తోడి తెచ్చింది. అది ముద్ద కాలేదు. పంచదార పలుకుల్లా జారి బల్లంతా పరుచుకుంది. అడుగున అలాంటి మంచు ఉంటే మీద ఎంత పడినా పట్టు ఉండదని ఆ ముగ్గురికీ తెలుసు.

"ప్రతి ఏడూ మొదట్లో ఇలాగే ఉంటుందమ్మా. క్రిస్మస్ నాటికి గట్టిపడుతుంది," అంది ఫెన్యా.

"నేను వద్దన్నానా? కాళ్ళు నీవి," అంది మార్ఫా.

ఇల్లు విడిచి ఎక్కడికో పారిపోవాలని కాదు ఫెన్యా కోరిక. తండ్రి తిరిగిన వాలుని తలుపు సందులోంచి చూస్తూ పెరిగింది ఆమె. ఒక్కసారైనా దాని మీద నిలబడకపోతే, ఆ గుమ్మం దగ్గరే ముసలిదాన్నైపోతానేమో అనిపించింది. ఆ వారమే ఐరన్ క్యాప్‌కి వస్తున్నానని చెప్పేసింది. కుజ్మా తన ట్రక్కులోనే దింపి వచ్చాడు.

ఆ తర్వాత గదిలో కొత్తగా ఒకటి కనిపించింది. మంచుమీద పక్కపక్కనే రెండు సన్నటి గీతలు, సూదిలో ఎక్కించిన దారం అంత. ఫెన్యా స్కీ జాడలు. మార్ఫా టీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి వాటిని చూస్తూ ఉండేది. ఫెన్యా ఫోన్ చేస్తే, నిన్న ఎడమ మలుపులో పడ్డావు కదా, మోకాలు ఎలా ఉంది అని అడిగేది. ఫెన్యా నవ్వేది. నీ కళ్ళుగప్పి అక్కడ పడటానికి కూడా వీల్లేదు అనేది.

క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. అడుగునున్న మంచు గట్టిపడలేదు. జనవరిలో వెచ్చటి గాలి వీచి పైపొర కరిగి, మళ్ళీ గడ్డకట్టింది. దాని మీద ఆగకుండా కురిసింది. గదిలో గోడవైపు మంచు కప్పుని తాకేలా ఉబ్బింది. ఇల్లు సద్దుమణిగినప్పుడు లోపల నుంచి మూలుగులాంటి చప్పుడు వచ్చేది. ఒకనాటి సాయంత్రం మార్ఫా తలుపు తీసేసరికి, పైన, గోడకి కాస్త కిందుగా, ఈ కొస నుంచి ఆ కొసకి వెంట్రుకలాంటి పగులు ఉంది.

ఆమె హ్యాడ్లీకి ఫోన్ చేసింది. అతను ఒక్క మాట కూడా కొట్టిపారేయలేదు. పగులు కనిపించిందంటే ఇంక ఆగకూడదు, తెల్లారగానే పేలుడు మందు పెట్టి దాన్ని పడగొడతాం అన్నాడు. పేల్చాలంటే ముందు ఎవరో ఒకరు ఆ వాలు కిందుగా అడ్డంగా దాటి అవతలి గట్టు ఎక్కాలి. ఎవరు దాటుతారని అడిగింది మార్ఫా. "ఫెన్యా," అన్నాడు అతను.

"తనే అడిగింది మార్ఫా. లారియన్ కూతుర్ని కాదనలేకపోయాను."

మార్ఫా ఫోన్ పెట్టేసింది. కూతురికి చేస్తే ఎత్తలేదు. ఎత్తినా ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. వద్దని ఏనాడూ అనలేదు, ఇప్పుడు అన్నా ఆ పిల్ల ఆగే రకం కాదు.

మర్నాడు వెలుగు వస్తూండగా ఫెన్యా మొదటి లిఫ్ట్‌లో పైకి వెళ్తోంది. వీపున పేలుడు మందు సంచి, పక్కన హ్యాడ్లీ. గాలి లేదు, కాకి కూడా అరవలేదు. లిఫ్ట్ సగం దాటిందో లేదో, ఎక్కడో దూరాన ఉప్పు బస్తా నేలమీద వేసినట్టు ఒక చప్పుడైంది. ఉత్తరపు వాలు మొత్తం ఒక్కసారిగా కదిలింది. మొదట మెల్లగా, బల్లమీద నుంచి గుడ్డ లాగినట్టు. తర్వాత లోయంతా తెల్లటి పొగ కమ్మేసింది. వాళ్ళు దాటాల్సిన దారి దాని కింద ఉంది. అప్పటికింకా ఎవరూ దాని మీద అడుగు పెట్టలేదు.

పొగ తేరిపోయాక గట్టు మీద నుంచి కిందికి చూశారు. వాలు తెగిన చోట అంచు కత్తితో కోసినట్టుంది. ఆ అంచుకి పైన, చెదరకుండా మిగిలిన మంచుమీద, అడుగులు ఉన్నాయి. స్కీ బూట్లవి కావు. పళ్ళు లేని, గుండ్రటి, ఉన్ని బూట్ల అడుగులు. అలా ముద్దగా పడే తల్లి అడుగులు ఫెన్యా రోజూ పెరట్లో చూసి పెరిగినవే. అంచు వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరో కసిగా తొక్కుకుంటూ వెళ్ళారు. చివరి అడుగు సగమే ఉంది. మిగతా సగం వాలుతో పాటు వెళ్ళిపోయింది.

పాట్రోల్‌వాళ్ళు చూశారు. హ్యాడ్లీ టోపీ తీసి పట్టుకున్నాడు.

"నువ్వు ఇంటికి వెళ్ళు ఫెన్యా," అన్నాడు.

ఎర్ర కోటు కొక్కేనికి తగిలించి, కిందికి వెళ్ళే రొట్టెల వ్యానెక్కి ఆమె ఊరు చేరింది. ఇంటిముందు కుజ్మా ట్రక్కు ఉంది. వంటింట్లో మార్ఫా పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చంకల దాకా తడిసిన ఆమె బట్టలు పక్కన ఆరుతున్నాయి, జుట్టు ఇంకా తడిగానే ఉంది. కాళ్ళు తొట్టిలో ఉన్నాయి. కుజ్మా కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. వెనకగది మంచులో ఛాతీ దాకా కూరుకుపోయి ఉంటే పారతో తవ్వి తీశానని అతను మెల్లగా చెప్పాడు.

వెనకగది తలుపు తెరిచి ఉంది. ఫెన్యా అటు చూసింది. నాలుగు గోడలు, ఒక కిటికీ, తడిసిన చెక్క నేల. ఎక్కడా మంచు లేదు.

"మీ నాన్న వెళ్ళిపోయాడు," అంది మార్ఫా. గొంతులో ఏడుపు లేదు. "ఇంక రాడు. ఇన్నాళ్ళూ తలుపు తీస్తే ఉన్నట్టే ఉండేది."

ఫెన్యా తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చుని తొట్టిలో చెయ్యి పెట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడే పోశాను, పొగలు కక్కుతుంటే," అన్నాడు కుజ్మా. "పొద్దుటి నుంచీ ఇదే వరస."

ఫెన్యా లేచి పెద్ద గిన్నె నిండా నీళ్ళు పట్టి పొయ్యిమీద పెట్టింది. మర్నాటి నుంచి మేకల గుట్టకి వస్తానని మామయ్యకి చెప్పింది. అతను తల ఊపాడు. ఆ చలికాలమే కాదు, తర్వాత వచ్చినవీ ఆమె అక్కడే గడిపింది. పిల్లలకి మలుపులు నేర్పేది, మధ్యలో వీలు చూసుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చేది. వచ్చేసరికి తల్లి కుర్చీలో అలాగే కూర్చుని, ఎండ పడే కిటికీ వైపు చూస్తూ ఉండేది. తొట్టి అంచున, ఆమె చీలమండల చుట్టూ, సన్నటి మంచుపెచ్చు కట్టి ఉండేది. ఫెన్యా దాన్ని వేళ్ళతో విరిచి బయట పారేసి, మళ్ళీ వేడినీళ్ళు పోసేది.