దగ్గింది గానీ ఆగలేదు

చోక్ నాబ్‌ను బయటికి లాగి, అది మళ్ళీ లోపలికి జారిపోకుండా దాని మెడకు చెక్క బట్టల క్లిప్పు తగిలించి, ఆమె తాళం తిప్పింది. ఇంజన్ రెండుసార్లు గురగురలాడి మూడోసారికి అందుకుంది. రేకుల షెడ్డంతా పెట్రోలు వాసన. ఆమె దిగి, బానెట్ ఎత్తి, తల ఓ పక్కకు వంచి వింది. ప్రేమగా విందని చెబితే బాగుండేది గానీ, తూకంలో మోసం చేసే కొట్టువాడి ముందు నిలబడ్డ ఇల్లాలిలా అనుమానంగా వింది. ఆ కారును ఆమె ఎప్పుడూ అలాగే వినేది.

ఆమెది ఆస్పత్రి లాండ్రీలో ఉద్యోగం. వేడినీళ్ళకీ సోడాకీ నాని అరచేతులు పాలిపోయి ముడతలు పడ్డాయి. గోళ్ళ సందుల్లో మాత్రం ఎంత తోమినా వదలని గ్రీజు. పని రోజుల్లో ఊరందరి మురికీ వదలగొట్టి, సెలవురోజు ఆ మురికంతా తను పూసుకుంటుందని మరదలు ఎగతాళి చేసేది. లాండ్రీలో అందరూ ‘ఇంజనమ్మ’ అనేవాళ్ళు. మొదట్లో వెక్కిరించడానికే పెట్టిన పేరు. పిలవగానే ఆమె పలకడంతో వెక్కిరింపు పోయి పేరు మిగిలింది.

తమ్ముడు బూట్లు తొడుక్కుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, మాట తప్పవుగా?”

“నేను తప్పను. నువ్వు తప్పకు. కూర్చో.”

మాట ఏమిటంటే, ఈ ఉదయం కారు ఆస్పత్రి గుట్ట ఎక్కాలి. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎవరూ తొయ్యకుండా ఎక్కితే షెడ్డులో ఉంటుంది. ఆగితే సాయంత్రం పాత ఇనుము కొనేవాడు వచ్చి తీసుకుపోతాడు. తాళం ఆమే స్వయంగా అతని చేతిలో పెట్టాలి. తమ్ముడిది అన్యాయమేమీ కాదు. భార్య పడకగది మూల, మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని బట్టలు కుడుతోంది. కుట్టే మనిషికి చోటు లేదు గానీ గుట్ట ఎక్కలేని కారుకు మాత్రం గది కావాలా అని అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఉన్నది పంతమే.

పంతం పాతది. ఈ కారు అసలు గుట్ట మీదిదే. ఎప్పుడో ఒక ముసలి డాక్టరు వదిలేసి వెళ్తే, లాండ్రీ వెనక రేకుల కింద టైర్లు నేలకంటుకుపోయి పడి ఉండేది. ఎవరికీ అక్కర్లేదంటే ఆమె అడిగి తీసుకుంది. లాండ్రీ ఆడవాళ్ళంతా కలిసి గేటు దాకా తోశారు. అక్కణ్ణించి ఇంజన్ లేకుండానే అది గుట్ట దిగింది. గేటు దగ్గర కాపలామనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. “దిగడం పీపాక్కూడా తెలుసు ఇంజనమ్మా. ఎక్కించు చూద్దాం!” అన్నాడు.

ఆ మాట ఆమె గుండెలో ముల్లై కూర్చుంది. అప్పట్నుంచీ ఎన్నిసార్లు ప్రయత్నించినా సగం గుట్టలో ముసలిది ఆవిర్లు కక్కుతూ ఆగిపోయేది. ఆమె కారును వెనక్కి దించి గుట్ట కింద వదిలి, నడిచి ఎక్కి, ఏమీ జరగనట్టే పనిలో చేరేది. సెలవులకు తిరిగి మొదలు. ఇంజన్ దింపి బోరు చేయించింది. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. ఇంకో బండి రేడియేటర్ తెచ్చి, పట్టకపోతే పట్టేలా బ్రాకెట్లు కోయించి బిగించింది. కరెంటు ఫ్యాను, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, మొన్ననే కొత్త కార్బురేటర్. కుక్కతోక వంకర అని తమ్ముడు మూలిగితే, తోక సంగతి తర్వాత, ముందు కుక్కను పరిగెత్తనివ్వరా అనేది.

ఒక్క చోక్ నాబ్ మాత్రం మార్చలేదు. చల్లగా ఉన్న ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ అందడానికి లాగేది అది, వేడెక్కాక లోపలికి తొయ్యకపోతే ఇంజన్‌కు ఊపిరాడదు. దాని లోపలి పన్ను అరిగిపోయింది, లాగితే నిలవదు. లాండ్రీకి ఆరబెట్టే యంత్రాలు వచ్చిన రోజు దండేలు పీకేసి, చెక్క క్లిప్పులన్నీ గోనెసంచిలో పోసి చెత్తలో పారేశారు. అందులోంచి ఆమె ఒకటి తెచ్చుకుంది. పొద్దున నాబ్‌కు పెట్టడం, ఇంజన్ వేడెక్కగానే తీసి పనికోటు కాలరుకు తగిలించుకోవడం ఆమె అలవాటు. పనిచేసేదాన్ని మార్చడమెందుకని ఆమె వాదన.

దారి పొడుగునా తమ్ముడు ఇంజన్ వేడి చూపించే ముల్లు వంకే చూస్తూ కూర్చున్నాడు. వేడి హద్దు దాటడం లేదు. అతనికి కొంచెం బెంగ పట్టుకుంది. ఆమె కనిపెట్టింది.

“ఏరా, మొహం అలా పెట్టావు? గెలుస్తానని భయమా?”

“గెలిస్తే నాకేంటి భయం. ఇంట్లో నీ మరదలికి ఏం చెప్పాలా అని.”

“దానికి నేను చెప్తాలే. నువ్వు ముల్లు చూడు.”

గుట్ట మొదలైంది. రెండో గేరు. మొదటి మలుపు దాటింది, ఇదివరకు ఆగిపోయే చోటూ దాటింది. ఆమె ఊపిరి బిగపట్టి, స్టీరింగ్ మీదికి వంగి, కారును తనే లాగుతున్నట్టు కూర్చుంది. అప్పుడు ఇంజన్ గొంతు మారింది. గుటక పడనట్టు ఉక్కిరిబిక్కిరైంది. వెనక అద్దం నిండా నల్లటి పొగ. వేగం పడిపోయింది. ఆమె టక్కున మొదటి గేరులోకి దించింది. కారు కుదుపులతో నడక వేగంకన్నా మెల్లగా పాకుతోంది.

“ఆగిపోతోంది అక్కా!”

ఆమె చూపు డాష్‌బోర్డు మీద పడింది. క్లిప్పు. మాటల్లో పడి తియ్యడం మరిచిపోయింది! ఇన్నేళ్ళ పని, చెక్కముక్క ఒక్కటి మరిచిపోయినందుకు మట్టిలో కలిసిపోయేలా ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, పక్కనే లోయ.

“ఆ క్లిప్పు తియ్యరా! తీసి నాబ్ లోపలికి తొయ్యి!”

తమ్ముడు క్లిప్పు వంక చూశాడు. ఊరుకుంటే చాలు, షెడ్డు అతనిదే. మాట తప్పినట్టూ కాదు, ఎవరూ వేలెత్తి చూపరు. భార్య పడకగది మూల వెన్ను వంచి కుట్టడం కళ్ళ ముందు కదిలింది. పక్కన అక్క మొహం కనిపించింది. ఆ మొహంలో బతిమాలడం లేదు, చిన్నప్పుడు చెట్టెక్కించి “పట్టుకో” అన్నప్పటి గదమాయింపే ఉంది.

అతను క్లిప్పు ఊడబీకి నాబ్ లోపలికి తోశాడు.

ఇంజన్ ఒక్క పెద్ద దగ్గు దగ్గి, గొంతు సవరించుకుని, గుట్టంతా వినిపించేలా అరిచింది. మిగతా ఎత్తంతా ఒక్క ఊపులో ఎక్కేసింది. గేటు లోపల ఆపి ఆమె బ్రేకు లాగింది.

“ఆగిపోయింది కదా మధ్యలో,” అన్నాడు తమ్ముడు, కేవలం అనాలని.

“దగ్గింది. దగ్గితే ఆగినట్టా? చక్రం నిలబడిందా?”

“నిలబడలేదు,” ఒప్పుకున్నాడు. చేతిలో ఉన్న క్లిప్పును ఆమె కాలరుకు తనే తగిలించాడు.

“ఇదిగో విను. షెడ్డు కొలిచి చూశాను. కారును గోడవారగా పెడితే మీ ఆవిడ మిషన్ కిటికీ పక్కన పడుతుంది, గాలీ వెలుతురూ వస్తాయి. నా పానాల మీద బట్టలారెయ్యద్దని చెప్పు.”

“ఈ సంగతి ముందే చెబితే ఈ గొడవ లేదు కదక్కా!”

“గొడవ లేకపోతే గుట్ట ఎక్కేవాడివా నువ్వు?”

కాపలామనిషి కారు చుట్టూ తిరిగి చూశాడు. నవ్విన నాపచేనే పండిందన్న సంగతి అతనికీ అర్థమైంది గానీ మింగుడుపడలేదు. “దిగేటప్పుడు చూద్దాంలే,” అన్నాడు.

“దిగడం పీపాక్కూడా తెలుసన్నది నువ్వే కదయ్యా!”

తమ్ముడు నవ్వుకుంటూ నడిచి గుట్ట దిగాడు.

ఆ పూట లాండ్రీలో ఆమె ఇస్త్రీ యంత్రం దగ్గర, కిటికీ పక్క చోటు అడిగి తీసుకుంది. అక్కణ్ణించి కారు కనిపిస్తుంది. దుప్పటికి ఆ చివర తనతో కలిసి మడిచే జోడీ, ఈ చివర ఆమె. ఎదురెదురుగా నడిచి అంచులు కలుపుకోవడం, విడిపోవడం, మళ్ళీ కలవడం. మధ్యలో ఒకసారి ఎడమ చెయ్యి రుద్దుకుంది. పొద్దున స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నానులే అంది. కాసేపు కూర్చోమని జోడీ చెప్పింది. ఇవాళ కూర్చుంటే కారు కోసం చచ్చానని కాపలావాడు ఊరంతా చాటుతాడని ఆమె జోకు వేసింది. కిటికీ అవతల వెలిసిన ఆకుపచ్చ రంగు బానెట్ ఎండలో మెరుస్తోంది. ఆమెకు గర్వంగా ఉంది, దాన్ని ఎక్కడా దాచుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ కిటికీలోంచి చూపించింది.

పని దిగాక కోటు విప్పి మడిచి కారు వెనక సీట్లో పెట్టింది. స్టీరింగ్ ముందు కూర్చుని అద్దం దించుకుంది. జోడీ బజారు దాకా తనూ వస్తానని చెప్పులు మార్చుకుని వచ్చేసరికి, ఆమె తల వెనక్కి ఆనించి గుట్ట కిందికి చూస్తోంది. పిలిస్తే పలకలేదు. ఆస్పత్రి వాకిట్లోనే ఉన్నా డాక్టర్లకు చెయ్యడానికేమీ మిగల్లేదు.

అంతా అయ్యాక ఒకరోజు తమ్ముడు కారు కోసం గుట్ట ఎక్కాడు. పాత ఇనుము మనిషి అప్పటికే తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరో చెప్పారట.

“పోయినావిడ బండి మీకెందుకు సార్? ఇచ్చేయండి, కట్టుకుపోతాను.”

“ఇవ్వను.”

“నడవదు కదా?”

“ఎక్కింది. నేను అందులోనే కూర్చున్నాను.”

అతను తలుపు తీసి కూర్చున్నాడు. సీటు అక్క ఎత్తుకు సర్ది ఉంది, మోకాళ్ళు స్టీరింగ్‌కు తగులుతున్నాయి. అలాగే ఉంచాడు. నాబ్ లాగి తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది, నాబ్ జారింది, ఇంజన్ ఆగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఆగింది. ఇనుము మనిషి తాడు విప్పడం మొదలుపెట్టాడు.

తమ్ముడు వెనక్కి తిరిగి, సీట్లో మడిచి ఉన్న పనికోటును ఒళ్ళోకి తీసుకున్నాడు. సబ్బు వాసన, దాని వెనకే పెట్రోలు వాసన. కాలరు తడిమాడు.

ఇంజన్ ఈసారి ఆగలేదు. ఆ అదురుకి డాష్‌బోర్డంతా వణుకుతుంటే, ఎండకూ వాననీళ్ళకూ తెల్లబారిన చెక్క క్లిప్పు నాబ్ మెడను కరిచిపట్టుకుని, పట్టు వదలకుండా వణుకుతూ ఉంది.