బోణీ కాని పొద్దున

నేను ఒక నల్లబోర్డును. పెద్దంపేట వర్తక సంఘం గోడకు ఇరవై రెండేళ్లు వేలాడినదాన్ని. బడిలో పాఠాలు మోసే గొప్ప బోర్డుననుకునేరు, అంత అదృష్టం నాకెక్కడిది! పాత తలుపు చెక్కలు రెండు కలిపి, నల్లరంగు పూసి, ఒక వడ్రంగి నన్ను సంఘానికి అంటగట్టాడు.

నా మీదికి ఎక్కని వార్త లేదు. కరెంటు కోత, పత్తి ధర, పూడిక తీయని మురికికాలువ, ఎవరి దుకాణం ముందో తప్పిపోయి నిలబడిన ఆవు, అన్నీ ఎక్కేవి. రాసేది సంఘం కార్యదర్శి నాగభూషణం సేటు. పక్కనే ఆయన కిరాణా కొట్టు. చేతిరాత ముత్యాలే కానీ, మహానుభావుడికి ఒక పట్టింపు ఉండేది. తన కొట్లో బోణీ కాకముందు నా మీద చెడ్డ మాట రాయకూడదు. రాస్తే ఆ రోజు బజారంతటికీ బేరాలుండవట.

జనం కూడా దానికే అలవాటుపడ్డారు. బోర్డు ఖాళీగా ఉంటే ఊరు క్షేమంగా ఉన్నట్టే అనుకున్నారు. ఆటోల వాళ్లు పొద్దున్నే నా వంక ఒక చూపు చూసి బండి తీసేవారు. అది చూసినప్పుడల్లా నా గుండెలో రాయి పడేది. అంతా క్షేమమని నేనెప్పుడు చెప్పాను?

ఆ శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున, వాగు అవతలి పల్లె నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే కొమురవ్వ, తడిసి ముద్దయి, గంపతో పరుగెత్తుకొచ్చింది.

"సేటూ, వాగు మీది బిర్జి నడిమిట్ల పగిలింది. నేను నడుస్తుంటె కాళ్ల కింద ఊగింది. జల్ది బోర్డు మీద రాయి!"

సేటు అగరొత్తులు వెలిగిస్తున్నాడు. "రాస్త అవ్వా. గింత బోణీ కానీయ్."

"అందాక బిర్జి ఆగుతదా? బడి పిల్లల ఆటో పోయే యాళ్లయింది!"

"పొద్దుగాల్నే అసొంటి మాటలు అనకు. ఏటా ఎవరో ఒకరు పగిలిందనే అంటరు."

ఆయన చెడ్డవాడు కాడు. ఒకసారి వాగు దిక్కు, ఒకసారి ఖాళీ గల్లాపెట్టె దిక్కు చూశాడు. రెండు భయాల్లో ఏది పెద్దదో ఆయనకు తెలియలేదు, అంతే.

అంతలో ఎదురుగా వచ్చి ఆగింది బడి పిల్లల ఆటో, సాయిలుది. లోపల తొమ్మిది మంది పిల్లలు. కొమురవ్వ అడ్డం పోయి చేతులు చాచింది. "పోకురా సాయిలూ!"

సాయిలు నా వంక చూశాడు. "బోర్డు మీద ఏం లేదు గదవ్వా. ఉంటే నేనెందుకు పోత?" అని, ఇంకో ఇద్దరు పిల్లలను ఎక్కించుకోవడానికి పై వాడ వైపు తిప్పాడు. అక్కడి నుంచి నేరుగా వంతెనకే.

అమ్మో, ఆ క్షణం! నోరుంటే ఊరు అదిరేలా అరిచేదాన్ని. కడిగిన మొహం వేసుకుని గోడకు వేలాడడం తప్ప ఏం చేయగలను? నా చెక్కల్లోని మేకులు కూడా చల్లబడ్డాయి.

కొమురవ్వ నడుము సంచిలోంచి పది రూపాయల నోటు తీసింది. ఆమె గంపలో ఒక్క కట్ట కూడా అమ్ముడుపోలేదు. తన బోణీ కాకుండా పైసా తీయకూడదన్నది ఆమెకూ పట్టింపే. ఆ నోటును సేటు గల్లాపెట్టె మీద కొట్టింది.

"బెల్లం ముక్క ఇయ్యి. ఇగ అయింది గదా నీ బోణీ? రాయి!"

సేటు బెల్లం ఇవ్వడం మరిచిపోయి సుద్దముక్క అందుకున్నాడు. "వంతెన పగిలింది. పోవద్దు." ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన అక్షరాలు వంకర పోయాయి.

గోడ మీద రాస్తే పోయే ఆటోకు ఏం కనిపిస్తుంది? కొమురవ్వ నన్ను మేకు నుంచి పెరికి నెత్తిన పెట్టుకుంది. బియ్యం మిల్లు వెనక అడ్డదారిన పరుగు. వెనక చెప్పులు లేకుండా సేటు. నన్ను వంతెన ముందు రోడ్డుకు అడ్డంగా నిలబెట్టేసరికి ఆటో మలుపు తిరిగింది. సాయిలు చూస్తాడా? బురదలో బ్రేకు పడుతుందా? నేను కళ్లు మూసుకునేదాన్నే, కళ్లుంటే.

నాకు మూరెడు దూరంలో ఆగింది. పిల్లలు దిగారో లేదో, వంతెన నడిమి భాగం వాగులోకి కూలిపోయింది. ఆ చప్పుడుకు ఒక చిన్నపిల్ల సేటు ధోవతి పట్టుకుని వదల్లేదు.

తర్వాత అధికారులు వచ్చారు, కొలిచారు, టీ తాగి వెళ్లారు. రెండేళ్లయింది. కొత్త వంతెన లేదు, అడ్డుగోడ లేదు. ఈ ఒడ్డున ఉన్న అడ్డం నేనొక్కదాన్నే. వాన నా అక్షరాలు కడిగేస్తుంది. సేటు రోజూ కొట్టు తెరవకముందే, బోణీ సంగతే తలవకుండా, వచ్చి మళ్లీ అదే చెడ్డ మాట రాసిపోతాడు.

మూడు రోజులుగా ఆయన రావడం లేదు. జ్వరమని, ఇప్పుడు చుట్టుదారిన తిరిగొచ్చే కొమురవ్వ చెప్పింది. ఆమెకు రాయడం రాదు. నన్ను తడిమి, నిట్టూర్చి, గంప ఎత్తుకుని పోయింది.

ఇప్పుడు వాన పడుతోంది. చివరి అక్షరం కూడా జారిపోయింది. నేను మళ్లీ ఖాళీగా ఉన్నాను. ఖాళీ బోర్డంటే క్షేమమని ఈ ఊరివాళ్ల నమ్మకం ఇంకా పోలేదు, వంతెన సంగతి తెలియని పొరుగూరివాళ్లకైతే నేను వట్టి చెక్కనే. మలుపు అవతల ఏదో బండి చప్పుడు వినిపిస్తోంది. అయ్యా, అమ్మా, మీలో ఎవరి దగ్గరైనా ఒక సుద్దముక్క ఉందా?