పైకి తవ్విన గుంత

మొగిలి వాళ్ల నాయిన మగ్గం గుంత తవ్వినప్పుడు గడ్డపార దెబ్బకు రాయిలోంచి లేచిన నిప్పుతో బీడీ ముట్టించుకున్నాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. నేనైతే రెండు బీడీలని చెబుతాను. మాది జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ నడుమ ఉన్న ఊరు. నేల అలాంటిది. నేత మనిషి ఆ గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ బట్ట నేస్తాడు. ఒకసారి తవ్వి పసుపు, కుంకుమ పెట్టిన గుంతను మా సాలెవాళ్లు పూడ్చరు. పూడిస్తే ఆ ఇంట్లో మగ్గం చచ్చిందని లెక్క.

మొగిలి ఇంట్లో గుంతలు రెండు. ఒకటి అతనిది, ఒకటి అతని అన్న సంజీవది. సంజీవ బొంబాయి పక్కనున్న భీవండికి పోయి అక్కడ మరమగ్గం నడిపేవాడు. డెబ్బై రెండు చివర జ్వరం వచ్చి అక్కడే పోయాడు. కబురు మాకు చేరేసరికి అక్కడివాళ్లే మట్టి చేశారు. ఆ రోజు నుంచి మొగిలికి ఏదో అయింది. ఏడవలేదు. పెడితే తిన్నాడు, లేవమంటే లేచాడు. సంజీవ గుంతలో పిల్లి ఈనింది. ఆ పిల్లల్ని చూస్తూ పొద్దు గడిపేవాడు. అతని భార్య యాకమ్మ నా చెల్లెలు. బావతో పరాచికాలాడటం నా హక్కు. ఎన్ని ఆడినా గోడతో ఆడినట్టే ఉండేది.

ఆ ఏడు కరువు. బావులు ఎండాయి, నూలు దొరకలేదు. మొగిలి మగ్గం మీద సాలీడు తప్ప ఇంకెవరూ నేయలేదు. అప్పుడు భీవండి నుంచి రాంచందర్ వచ్చాడు. మా ఊరివాడే, అక్కడి షెడ్డుకు మనుషుల్ని తోలుకుపోయే పని అతనిది. అరుగు మీద కూర్చుని చాయ తాగి, మేలు చేస్తున్నవాడిలాగే చెప్పాడు.

"మీ అన్న జాగ ఖాళీగనే ఉన్నది మొగిలీ. మిరుగం దాక ఆపిస్త. వస్తవా?"

మొగిలి తల ఊపాడు. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి కదా. తడిక వెనక నుంచి యాకమ్మ బయటికి వచ్చింది.

"ఆ జాగల ఈయన కూసోడు," అన్నది. "ఇంకేడన్న కూసుంటడు. మిరుగం లోపట మగ్గం ఆడకుంటే, అప్పుడొచ్చి తోలుకపో."

వానలు మొదలయ్యే మిరుగం కార్తె అలా మాకు గడువైంది.

సముద్రం పక్క ఊళ్లలో నేత బాగా నడుస్తుందని, అక్కడి గాలి తేమకు పోగు తెగదని విని ఉన్నాం. ఏ ఊరన్నదే తేలలేదు. బందరు, కాకినాడ, చీరాల, ఈ మూడింటి మీద మా వాకిట్లో జరిగినంత వాదన శాసనసభలో కూడా జరిగి ఉండదు. బందరు దోమ కుడితే మనిషి మంచంతో సహా లేస్తాడని ఒకరు. కాకినాడ చేరేలోపు రైల్లోనే గడ్డం నెరుస్తుందని ఒకరు. అటువైపు కూరలో ఉప్పు వేయరని, గిన్నె కిటికీలో పెడితే గాలే వేసిపోతుందని వెంకటనర్సమ్మ అవ్వ. చీరాల మీద మాత్రం ఎవరికీ ఏ కథా తోచలేదు. అందుకని చీరాల ఖాయమైంది.

మగ్గం సామాను విప్పి గోనెలో కట్టుకుని స్టేషన్‌కు వచ్చాం. దారి తెలిసినవాణ్ణని తోడుగా నేనూ బయల్దేరాను. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని అరవై తొమ్మిది ఉద్యమంలో స్టేషన్ గోడ మీద రాసిన తారు అక్షరాలు ఇంకా చెరగలేదు. మొగిలి ఆ అక్షరాలకే వీపు ఆనించి కూర్చుని, అటు పోయే రైలు కోసం చూశాడు. మానుకోట దాటాక కిటికీలో చెరువు కనపడితే చూపించాను. చూశాడు. చూడమన్నాను కాబట్టి చూశాడు.

చీరాల నేత వీధుల్లో మగ్గాలు టకటకమంటూనే ఉన్నాయి. అక్కడ ఒక షావుకారు, చోటు చూసుకుని మగ్గం దింపుకుంటే పడుగు నూలు ఇస్తానన్నాడు. కానీ ఆ వీధుల్లో ఇళ్ల కిరాయిలు మాకు అందేవి కావు. అగ్గువ ఇల్లు అడుగుతూ అడుగుతూ సముద్రం దిక్కుకు నడిచాం. ఎంత నడిస్తే అంత తగ్గుతూ వచ్చింది కిరాయి. చివరికి చేపలవాళ్ల గుడిసెల పక్కన మరియమ్మ అనే ఆవిడ తాటాకు ఇల్లు దొరికింది. ఇంకో ఫర్లాంగు నడిస్తే వాళ్లే మాకు ఎదురిచ్చేవాళ్లేమో కానీ, అక్కడ సముద్రం ఉంది.

మరియమ్మకు మా మాట వింటే నవ్వు ఆగలేదు. "సినిమాలో నౌకరు మాట్లాడినట్టుందయ్యా మీ మాట," అంది.

"గా నౌకరు మా ఊరోడే అక్కా," అన్నాను. "జీతం మస్తు తీసుకుంటుండు. మాకే ఏం పంపిస్తలేడు."

ఆవిడ ఇంకా నవ్వింది. మొగిలి నవ్వలేదు.

అడగాల్సినవన్నీ అడిగాం. కప్పు కారుతుందా అని యాకమ్మ అడిగింది. పాములు, దొంగలు ఉన్నారా అని నేనడిగాను. నేల కింద ఏముందని మాత్రం ఎవరం అడగలేదు. మా దగ్గర నేల కింద రాయి ఉంటుంది. దాన్ని ఎవరైనా అడుగుతారా?

మర్నాడు యాకమ్మ నేల అలికి, గీత గీసి, పసుపు, కుంకుమ పెట్టి మొక్కింది. నేను గడ్డపార వేశాను. పెరుగన్నంలో వేలు దిగినట్టు దిగింది. ఇంత మెత్తని నేల మీద పుట్టి కూడా వీళ్లు పొద్దున్నే ఎందుకు లేస్తారో అర్థం కాలేదు. మోచెయ్యి లోతు దాటాక ఇసుక తడిగా వచ్చింది. తర్వాత నీళ్లు వచ్చాయి. తోడి పోశాం. మళ్లీ వచ్చాయి. తెల్లారేసరికి గుంత నిండుగా ఉంది. అందులో జానెడు చేప కూడా ఉందని చెబితే మా ఊళ్లో అందరూ నమ్మారు.

మరియమ్మ వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "ఇంట్లో గుంట ఎవరు తవ్వుతారనుకున్నానయ్యా. మాకు చెయ్యి పెడితే నీళ్లే. పూడ్చేసి చాప వేసుకోండి."

మా ఊళ్లో ఆ వేసవి నీళ్ల కోసం బావి అడుగున మళ్లీ బావి తవ్వుతున్నారు. మొగిలి వంగి, దోసిలి ముంచి, నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పు," అన్నాడు. దోసిలి దులుపుకుని, "రాంచందర్‌కు కబురు చెయ్యి బావా," అన్నాడు. గొంతులో కోపం లేదు, దుఃఖం లేదు. చాయ వద్దన్నట్టు చెప్పాడు.

వేరే ఇల్లు చూద్దామన్నాను నేను. బొట్టు పెట్టిన గుంతను వదిలి పోతే, ఇంకో చోట గడ్డపార పట్టడానికి చెల్లెలు ఒప్పుకోదని నాకూ తెలుసు. యాకమ్మ గుంత ఒడ్డున కూర్చుంది. లేచి, చేత్తో నేల నుంచి తన తుంటిదాకా ఎత్తు కొలిచింది. తర్వాత తలెత్తి కప్పు కేసి చూసింది.

"పూడ్సుడు లేదు, పోవుడు లేదు," అన్నది. "నీళ్లను ఆడనే ఉండనియ్యి. గుంతను మీదికి కడదాం."

"మీదికి కడితే గుంత ఎట్లయితది?" అన్నాడు మొగిలి.

సంజీవ పోయాక అతను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను నోరు మూసుకున్నాను. నాకు అది అరుదైన సంగతి.

"నీ కాళ్లకేం ఎరుక?" అన్నది యాకమ్మ. "చెక్క దొరికితె తొక్కుతయి."

మరియమ్మ ఇంటివాళ్లు పనికిరాని తాటి మొద్దులు, పడవ చెక్క ముక్కలు ఇచ్చారు. బంకమన్ను దూరం నుంచి నెత్తిన మోశాం. గుంత అంచుల మీద చుట్టూ తుంటి ఎత్తున గోడ లేపి, గది సగం మేర అరుగు వేసి, దాని మీద మగ్గం బిగించాం. నీళ్ల మీద పడవ చెక్కలు పరిచి, వాటిపైన తొక్కుడు చెక్కలు కట్టాం. మొగిలి ఎక్కి కూర్చుంటే తల తాటాకుకు తగిలింది. వంగి కూర్చున్నాడు. ఎలాగూ ఆ మధ్య వంగే ఉంటున్నాడు.

షావుకారు మాట తప్పలేదు, పడుగు ఇచ్చాడు. మిరుగం ఇంకా రాకముందే, సముద్రం మీద మబ్బు పట్టిన రోజున, పేక పోగు తీసుకుని నాడె కదిలింది. ఒక మూరెడు ఆగుతూ ఆగుతూ సాగింది. తర్వాత ఆగలేదు. యాకమ్మ కండెలకు నూలు చుడుతూ ఆ చప్పుడు వింటోంది, అతని కేసి చూడకుండా.

"పోయొస్త బావా," అన్నాను గుమ్మంలో నిలబడి. "గాలం తెచ్చుకుంటే కాళ్ల కిందనే కూర."

తల ఎత్తలేదు. చెక్కల కింద నీళ్లు కదులుతున్నాయి. పోగు తెగితే ముడి వేశాడు, మళ్లీ తొక్కాడు. నేను రైలెక్కాను.

ఊళ్లో రాంచందర్ పెట్టె సర్దుకుని ఉన్నాడు. మగ్గం ఆడుతుందా అని అడిగాడు. ఆడుతుందన్నాను. చేప సంగతి నమ్మాడు, పైకి కట్టిన గుంత సంగతి నమ్మలేదు.

"మొగిలి ఏమన్నడు?"

"ఏమనలే. నేస్తుండు."

సరే అన్నాడు. సాయంత్రం బండికి పక్క వాడకట్టు పోచయ్యను తోలుకుపోయి సంజీవ జాగాలో కూర్చోబెట్టాడు.