ముందే అచ్చయిన నిమిషాలు

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె గడియారమ్మ. ఇరవై రెండేళ్ళుగా టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలి, ఎన్నింటికి తిరిగి రావాలి, మధ్యలో డ్రైవరు మంచినీళ్ళు తాగడానికి ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ రాసేది ఆమే. గేటు పక్కన మూడు వైపులా అద్దాలున్న ఇరుకు గదిలో కూర్చుని, ఆలస్యంగా వచ్చిన బస్సును చూసి, "మార్కెట్ దగ్గర సరుకుల లారీ అడ్డం పెట్టారా?" అని అడిగేది. డ్రైవరు అవునన్నట్టు తల ఊపేవాడు. ఇంట్లో మాత్రం ఒక్క గడియారమూ సరిగ్గా నడవదని, దానికి తానే సాక్షినని ఆమె భర్త వచ్చినవాళ్ళందరికీ చెబుతుండేవాడు.

ఆ యేడు డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. అటెండరును కూడా మీరు అనేవాడు. వచ్చిన పది రోజులకు అందర్నీ పై అంతస్తు హాల్లోకి పిలిపించి, తెర మీద ఒక పట్టిక చూపించాడు. తొమ్మిదో నంబరు రూటులో ఒక ట్రిప్పుకు యాభై ఒక్క నిమిషాలు పడుతోంది, దాన్ని నలభై మూడుకు తగ్గిస్తే షిఫ్టుకు ఎనిమిది ట్రిప్పుల మీద అరవై నాలుగు నిమిషాలు మిగులుతాయి, ఆ మిగులులో ప్రతి బస్సూ ఇంకో ట్రిప్పు వెయ్యొచ్చు అని వివరించాడు. ఆ దారిలో తాను స్వయంగా తిరిగి చూశానని, ముప్పై ఆరు నిమిషాల్లో చేరుకున్నానని కూడా చెప్పాడు. ఎప్పుడు తిరిగారని వెనక వరస నుంచి ఎవరో అడిగారు. ఆదివారం పొద్దున ఆరింటికి, తన కారులో. హాల్లో కొందరు దగ్గారు. దగ్గు కాదని మేనేజరుకు తెలియలేదు.

అయినా ఆయన తన మాటే నెగ్గాలని పట్టుబట్టలేదు. దారి తెలిసినవాళ్ళే దారి గురించి చెప్పాలన్నాడు. ముగ్గురితో కమిటీ వేశాడు. ఒకరు గడియారమ్మ. రెండోవాడు వర్క్‌షాపు ఫోర్‌మన్. మూడోవాడు ముప్పై రెండేళ్ళ సర్వీసున్న డ్రైవరు, డిపో అంతా బాబాయి అని పిలిచే పెద్దమనిషి. మూడు వారాల్లో నివేదిక ఇవ్వాలి.

"మీరేం చెబితే అదే చేద్దాం. నిర్ణయం మనందరిదీ," అన్నాడు మేనేజరు.

ఆ మాటకు గడియారమ్మ పొంగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆమెను ఒక విషయం అడిగినవాళ్ళే లేరు, చెప్పినవాళ్ళే అందరూ. ఇంటికి వెళ్ళి భర్తతో ఆ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారి ఆయన నవ్వి, సరేలే, నాకు కంఠతా వచ్చేసిందన్నాడు.

మూడు వారాలూ ఆమె బస్సుల్లోనే తిరిగింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ప్రతి స్టాపులో ఎన్ని క్షణాలు ఆగుతోందో రాసుకుంది. మేనేజరు పట్టికలో ఒక్కో స్టాపుకూ అరనిమిషం ఉంది. ప్రభుత్వాసుపత్రి స్టాపులో సగటున రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతోందని ఆమె లెక్కలో తేలింది. అక్కడ ఎక్కేవాళ్ళు ఎలాంటివాళ్ళో పట్టికలో లేదు మరి. కాలికి కట్టుతో మామగారు, ఆయన్ని వెనకనుంచి ఎత్తి పట్టుకున్న కోడలు. రక్తం శుద్ధి చేయించుకుని వచ్చి మెట్టు మీద కాలు పెట్టేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునే మనిషి. నిండు గర్భిణి, చేతిలో స్కానింగు ఫొటోల కవరు. వీళ్ళను తొందరపెట్టమంటే ఎలా? ఒకరోజు ఆమె అక్కడ దిగి, తానే ఆ మెట్టు ఎత్తును టేపుతో కొలిచింది. ఫోర్‌మన్ ఆ కొలత నిజమేనని సంతకం పెట్టాడు.

తగ్గించడానికి వీల్లేదని మొండికేయడం ఆమెకు నచ్చలేదు. ఎక్కడ తగ్గుతుందో అక్కడ తగ్గించాలనుకుంది. మార్కెట్ దగ్గర నూరడుగుల దూరంలో రెండు స్టాపులున్నాయి. ఒకటి తీసేస్తే మూడు నిమిషాలు కలిసొస్తాయి. మూడు తగ్గించవచ్చు, ఎనిమిది తగ్గించకూడదు. ఇదీ వాళ్ళ నివేదిక. పద్నాలుగు పేజీలు. గడియారమ్మ దాన్ని రెండుసార్లు శుద్ధప్రతి రాసింది. ఒక నకలు తన దగ్గర ఉంచుకుంది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "తల్లీ, నా ముప్పై రెండేళ్ళూ ఇందులో రాసేశావు," అన్నాడు.

మేనేజరు ఆ నివేదికను రెండు చేతులతో అందుకున్నాడు. చాలా బాగుందన్నాడు. పేజీలు తిప్పకుండానే అన్నాడు.

మూడో రోజు స్టోరు గుమాస్తా కబురు పంపాడు. బస్‌స్టాపుల్లో తగిలించే టైము బోర్డులు అచ్చయి వచ్చాయి, లెక్కపెట్టి సంతకం చెయ్యాలి. అప్పుడే ఎలా వచ్చాయా అనుకుంటూ వెళ్ళింది. అట్టపెట్టె విప్పి మొదటి బోర్డు బయటకు తీసింది. తొమ్మిదో నంబరు. ట్రిప్పు నలభై మూడు నిమిషాలు. ఆమెకు మొదట అర్థం కాలేదు. తప్పుగా అచ్చయిందేమో అనుకుంది. చలానా తీసి చూసింది. బోర్డులు చెయ్యమని ప్రెస్సుకు ఆర్డరు వెళ్ళిన తేదీ అందులో ఉంది. హాల్లో కమిటీ వేసిన రోజుకు అది సరిగ్గా నాలుగు రోజుల ముందు.

గడియారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మూడు వారాలూ కళ్ళముందు తిరిగాయి. మండే ఎండలో బస్‌స్టాపులో నిలబడింది. మోకాళ్ళ నొప్పితో ఎక్కింది, దిగింది. ఆ మామగారి కాలికట్టు చూసి ఎన్ని క్షణాలో రాసుకుంది. అదంతా జరుగుతుంటే ప్రెస్సులో ఈ బోర్డులు ఆరుతున్నాయన్నమాట. చలానా నంబరు పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టకుండా నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

ఆయన అబద్ధమాడలేదు. అదే ఆమెను ఇంకా కుదిపేసింది. కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, ఈ నలభై మూడు అంకె పై ఆఫీసు నుంచే వచ్చిందని, తనను కూడా ఎవరూ అడగలేదని చెప్పాడు.

"మరి మమ్మల్ని ఎందుకడిగారు సార్?"

"అడగకపోతే అడగలేదంటారు కదమ్మా."

ఆమె ఆయన బల్ల వైపు చూసింది. వాళ్ళ నివేదిక అక్కడ ఒక మూల, టీ కప్పు కింద ఉంది.

"ముందే అయిపోయిందని చెప్పుంటే ఊరుకునేదాన్ని సార్. చెప్పింది చెయ్యడం మాకు అలవాటే. అడిగి, తిప్పి, ఆశపెట్టారు చూడండి, అదీ నాకు మండేది," అంది.

మేనేజరు దీన్ని మనసులో పెట్టుకోవద్దన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారమే తీర్మానం కాగితం వచ్చింది. కమిటీ క్షుణ్ణంగా పరిశీలించి నలభై మూడు నిమిషాలను ఏకగ్రీవంగా ఆమోదించింది అని అందులో ఉంది. కింద మూడు సంతకాలకు చోటు. ఫోర్‌మన్ పెట్టేశాడు. ఆయన ప్రమోషను ఫైలు మేనేజరు బల్ల మీదే ఉంది. బాబాయీ పెట్టాడు. ఎందుకు పెట్టావని ఆమె నిలదీస్తే, రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది, కాగితం మీద వాళ్ళు ఏమైనా రాసుకోనీ, స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది కదా అన్నాడు.

గడియారమ్మ పెట్టలేదు. సంతకం ఉండాల్సిన చోట, 'మా నివేదిక ఇది కాదు' అని రాసి, బోర్డుల ఆర్డరు తేదీ, చలానా నంబరు వేసి పంపింది. మర్నాడు ఇంకో కాగితం తయారైంది. అందులో కమిటీకి ఇద్దరే సభ్యులు. ఆమె అసలు కమిటీలోనే లేదు.

ఆ సాయంత్రం ఏమైందని భర్త అడిగాడు. భోజనాలయ్యాక గిన్నెలు తోముతూ, "నేను కాదన్నానని రాసినా బాధ లేదు. నేను లేనే లేనని రాశారు," అంది. ఆయన ఆమె చేతిలోని గిన్నె తీసుకుని మిగతావి తానే తోమాడు.

కొత్త టైము మొదలైంది. బాబాయి తన మాట మీదే నిలబడ్డాడు. ఆసుపత్రి దగ్గర ఆగాల్సినంతసేపూ ఆగాడు. నెల తిరిగేసరికి ఆలస్యానికి పదకొండు మెమోలు వచ్చాయి. ఆయన వాటిని మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కానీ అందరూ బాబాయిలు కారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని ఒక డ్రైవరున్నాడు. ఇంట్లో మూడు నెలల పాప. అతనికి తొమ్మిది మెమోలు వచ్చాయి, పదోది వస్తే ఇంటికి పంపేస్తామని చెప్పారు. ఆ మంగళవారం ఆసుపత్రి స్టాపులో, మోకాలికి కుట్లు విప్పించుకుని వచ్చిన ఒకావిడ మెట్టు ఎక్కి కడ్డీ పట్టుకునేలోపే బస్సు కదిలింది. ఆవిడ రోడ్డు మీద పడింది. కుడి మణికట్టు విరిగింది.

డ్రైవరును ఆ మధ్యాహ్నమే సస్పెండు చేశారు. నిర్లక్ష్యం అని రాశారు. అతను గడియారమ్మ గది ముందుకు వచ్చి నిలబడి, "అక్కా, నేను అద్దంలో చూళ్ళేదు, గడియారం చూశాను," అని మాత్రం అన్నాడు.

మర్నాడు ఆమె సెలవు పెట్టి, పడిపోయినావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మేడ మీద రెండు గదులు. ఒక గది నిండా కుట్టాల్సిన బట్టలు, ఒక్కో కట్టకూ చీటీ. ఆవిడ దర్జీ. పిండికట్టు వేసిన చేతిని దిండు మీద పెట్టుకుని, కుట్టు మిషను వైపు చూస్తూ కూర్చుంది. మూడు నెలలు కత్తెర పట్టకూడదన్నారట. గడియారమ్మ తాను డిపో మనిషినని చెప్పింది. ఆవిడ కోప్పడుతుందనుకుంది. ఆవిడ కోప్పడలేదు.

"ఆ అబ్బాయి వెంటనే దిగొచ్చి నన్ను ఎత్తాడమ్మా. పాపం, ఏడ్చేశాడు. నేను ఎక్కేదాకా ఆగలేనంత తక్కువ టైము ఎవరు పెట్టారు?"

ఇరవై రెండేళ్ళుగా టైములు రాసిన మనిషికి ఆ ప్రశ్న గుండెలో గుచ్చుకుంది. ఆమె మొత్తం చెప్పింది. ఆదివారం కారు ప్రయాణం, కమిటీ, పద్నాలుగు పేజీలు, బోర్డులు, చలానా నంబరు, తేదీ. ఏదీ దాచలేదు. దర్జీ అంతా విని, లోపలున్న భర్తను పిలిచి, కాగితం కలం తెమ్మంది. పై ఆఫీసుకు ఫిర్యాదు ఆవిడే ఒక్కో వాక్యం చెప్పింది, ఆయన రాశాడు. చలానా నంబరు కూడా రాయించింది. కింద ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టింది.

ఉద్యోగి ఫిర్యాదైతే డ్రాయరులో పడి ఉండేదేమో. ప్రయాణికురాలి ఫిర్యాదుకు మాత్రం నంబరు పడుతుంది, జవాబు చెప్పాలి. రెండు వారాల్లో పై ఆఫీసు నుంచి ఒక అధికారిణి విచారణకు వచ్చింది. అందర్నీ అదే హాల్లో కూర్చోబెట్టి, ఈ నలభై మూడు నిమిషాలు ఎవరు నిర్ణయించారని అడిగింది. కమిటీ అన్నాడు మేనేజరు, అంతే మెత్తగా. ఫోర్‌మన్ తలవంచుకున్నాడు. బాబాయి లేచి నిలబడ్డాడు.

"సంతకం నాదేనమ్మా, తప్పు పెట్టాను. కానీ నేను చదివి ఒప్పుకున్న కాగితం వేరే ఉంది. ఈ అమ్మాయి దగ్గర నకలుంది," అన్నాడు.

గడియారమ్మ పద్నాలుగు పేజీలూ బల్ల మీద పెట్టింది. అధికారిణి స్టోరు నుంచి చలానా తెప్పించింది. ఒక చేత్తో చలానా, ఇంకో చేత్తో కమిటీ వేసిన ఉత్తర్వు పట్టుకుని, తేదీలు రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఫైలు మూసేసింది.

ఫలితం నెలన్నరకు వచ్చింది. డ్రైవరును మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు, ఒక ఇంక్రిమెంటు కోసి. విచారణ నివేదికలో ప్రమాదానికి కారణం 'సమన్వయ లోపం' అని రాశారు. ఆ లోపం ఎవరిదో రాయలేదు. తొమ్మిదో నంబరు ట్రిప్పును నలభై ఎనిమిది నిమిషాలుగా సవరించారు. మార్కెట్ దగ్గర ఒక స్టాపు తీసేశారు. అక్షరాలా గడియారమ్మ వాళ్ళ నివేదికలో చెప్పిందే. నోటీసు బోర్డు మీద మాత్రం, మేనేజరుగారు ప్రయాణికుల సౌకర్యాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన నూతన ప్రణాళిక అని పెట్టారు. ఆ ప్రణాళికకు మెచ్చి ఆయన్ని పై ఆఫీసుకు తీసుకున్నారు.

బాబాయి సంబరంగా టీలు తెప్పించాడు. మనం చెప్పిందే అయింది కదా తల్లీ, ఇంకా ఆ మొహం ఏమిటని అడిగాడు.

"చెప్పినప్పుడే అయ్యుంటే ఆవిడ చెయ్యి బాగుండేది బాబాయ్," అంది గడియారమ్మ.

టీ గ్లాసు అలాగే పెట్టేసి, ఆమె గదిలోంచి ఒక తెల్లకాగితం తెచ్చుకుంది. విచారణ నివేదిక మీద తన అభ్యంతరం రాయడం మొదలుపెట్టింది. లోపం ఎవరిదో పేరు పెట్టి రాయండి అన్నది మొదటి వాక్యం. ఇలాంటివాటికి జవాబులు రావని బాబాయి గొణిగాడు. ఆమె తల ఎత్తలేదు. రెండో వాక్యం మొదలుపెట్టింది.